ఐదు మిల్లీమీటర్లు

మన ఇళ్ళల్లో పైసా ఖర్చు లేకుండా పంచిపెట్టే సలహా ఒకటుంది: "సర్దుకుపో". కొత్త కోడలికి చెబుతాం, బదిలీ మీద ఊరు మారినవాడికి చెబుతాం, హాస్టల్లో చేరిన పిల్లాడు ఫోన్లో ఏడిస్తే వాడికీ చెబుతాం. ఎవరు సర్దుకోవాలి, ఎటువైపు, ఎంత మేరకు అన్నది మాత్రం చెప్పం. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుని నేనూ ఆ సలహా ఎందరికో ఇచ్చాను. ఎంత అన్న ప్రశ్న నాకు తట్టింది ఓ పాత సైకిలు వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నప్పుడే. అందుకని ఈ అధ్యాయం చదివేటప్పుడు చేతులకు కాస్త గ్రీజు అంటుతుంది. పాత గుడ్డముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి.

సైకిలు నాన్నది. సేన్-ర్యాలీ. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ర్యాలీ కంపెనీతో పొత్తు పెట్టుకుని బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో తయారుచేసిన బళ్ళలో ఒకటి. ఆ రోజుల్లో మద్రాసు పక్కన అంబత్తూరు నుంచి హెర్క్యులిస్ వచ్చేది, సోనీపత్ నుంచి అట్లాస్, 1956 తర్వాత లూధియానా నుంచి హీరో. అన్నీ నడిచేవే, కానీ ర్యాలీ ఉన్నవాడి దర్జా వేరు. అలకపాన్పు ఎక్కిన అల్లుళ్ళు అడిగినవాటిలో చేతి గడియారం పక్కనే ర్యాలీ సైకిలు ఉండేది. నాన్న అలగలేదు. నెలనెలా జీతంలోంచి కట్టి కొనుక్కున్నారు. ఉయ్యూరు చుట్టుపక్కల కాలవగట్ల మీద ఆయన తొక్కిన దూరం ఎంతో లెక్కలేదు.

భవానీపురంలో మాది కింద పార్కింగు ఉన్న అపార్టుమెంటు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోందని లెక్కలు చెబుతున్నారు. మేమంతా ఏటివైపే భయంగా చూస్తుంటే వెనక నుంచి వాగు వచ్చి పార్కింగులో కూర్చుంది. కార్లకు బీమా ఉంది. నాన్న సైకిలుకు నేనున్నాను. నీళ్ళు తీసి, బురద కడిగి చూస్తే ఫ్రేము బాగానే ఉంది. వెనక చక్రం మాత్రం చేత్తో తిప్పితే తిరగలి శబ్దం. హబ్బు విప్పితే బాల్స్ బదులు ఎర్రటి పొడి రాలింది. కప్పుల్లో గుంటలు. రిమ్ము కూడా స్పోకుల దగ్గర చిల్లులు పడే స్థితిలో ఉంది.

మా వీధి మలుపులో సైకిలు షాపు పెట్టుకున్న పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను మేష్టారూ అంటాడు, నేను ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పకపోయినా. ఆయనే స్పోకులు కట్టిన కొత్త చక్రం తెప్పించాడు. ఇరవై ఎనిమిది అంగుళాల రిమ్ము, 40 స్పోకులు, అన్నీ పాతదాని లెక్కే. (ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 వేయడం ఇంగ్లీషువాళ్ళ పాత అలవాటు. బరువంతా వెనకే కదా.) తీరా ఎక్కించబోతే చక్రం వెనక ఫోర్కులోకి దిగలేదు.

"పట్టడం లేదు మేష్టారూ. కాస్త తెరిచి కొట్టేద్దామా?" అన్నాడు బాబాయ్.

ఈ "తెరిచి కొట్టేద్దాం" దగ్గర నాకో పాత దెబ్బ గుర్తుకొచ్చింది. కాలేజీ రోజుల్లో నా సొంత సైకిలుకు సరిగ్గా తిరగేసిన కేసు. హబ్బు సన్నం, ఫోర్కు వెడల్పు. ఓ షాపులో రెండు పక్కలా నట్లు పట్టి, ఫోర్కు లోపలికి ముడుచుకునేదాకా బిగించి పంపారు. చూడ్డానికి చక్రం చక్కగా కూర్చుంది. నాలుగు నెలలకు యాక్సిలు రోడ్డు మధ్యలో విరిగింది. ఎందుకు విరిగిందో చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఫోర్కు చివర్లను బలవంతంగా దగ్గరికి లాగితే అవి ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, లోపలికి వాలతాయి. వాలిన పళ్ళెం మీద నట్టు బిగిస్తే యాక్సిలు ఆ వాలుకు వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగిన చోటే కాస్త కాస్త అలిసిపోతుంది. కొన్ని సంసారాలు కూడా పైకి బాగానే తిరుగుతూ నాలుగో నెలలో నడిరోడ్డు మీద విరగడం మీరూ చూసే ఉంటారు. నట్టు బిగువుగా ఉన్నంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు.

అందుకని "ఆగు బాబాయ్, కొలుద్దాం" అన్నాను.

కొలవాల్సినవి రెండే. చక్రం తీసేసి, వెనక ఫోర్కు చివర్ల మధ్య, లోపలి ముఖం నుంచి లోపలి ముఖానికి ఎంతుందో చూడాలి. తర్వాత హబ్బు మీద, ఒక చెక్‌నట్ బయటి ముఖం నుంచి అవతలి చెక్‌నట్ బయటి ముఖానికి. చాలామంది ఇక్కడే పొరబడి యాక్సిలు పొడవంతా కొలుస్తారు. యాక్సిలు చివర్లు ఎలాగూ బయటికి వస్తాయి, వాటితో మనకు ఇప్పుడు పనిలేదు. ఫోర్కుకు ఆనేది చెక్‌నట్ ముఖం. వెర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే పిల్లల స్టీలు స్కేలు చాలు, కానీ మూడుసార్లు కొలవండి.

ఫ్రేము 111 మిల్లీమీటర్లు. హబ్బు 116.

తేడా ఐదు. అప్పటిదాకా "పట్టడం లేదు" అన్నది ఒక తగాదా. ఐదు అని తేలాక అది ఒక పని. ఈ పుస్తకంలో చాలా చోట్ల మనసు గురించి పెద్ద మాటలు రాశాను గానీ, కోపం తగ్గడానికి ఒక అంకెకు ఉన్నంత శక్తి మరి దేనికీ ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ఈ అంకెలు ఎందుకు పెరుగుతూ వచ్చాయో తెలిస్తే పాత ఫ్రేము మీద విసుగు రాదు. ఒంటి ఫ్రీవీలు సైకిలుకు వెనక 110 మిల్లీమీటర్ల చుట్టుపక్కల సరిపోయేది. ఇంగ్లీషువాళ్ళు హబ్బు లోపలే మూడు గేర్లు పెట్టినప్పుడు అది 114 దాకా వచ్చింది. బయట పళ్ళచక్రాలు ఐదయ్యేసరికి 120, ఆరు, ఏడు అయ్యేసరికి 126, ఎనిమిది అయ్యాక 130. కొండల్లో తొక్కే సైకిళ్ళకు 135. అంటే నాన్న సైకిలు ఇరుకు కాదు, అది పుట్టిన కాలానికి సరిగ్గా ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు సామాను ఎక్కువ తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఎవరు సర్దుకోవాలి? నేను ఒకటే లెక్క పెట్టుకున్నాను. రేపు బజారుకెళ్ళి మళ్ళీ కొనగలిగేది ముందు సర్దుకోవాలి. కొనలేనిది చిట్టచివర. చక్రం కొనగలను. వాషరు రూపాయల్లో దొరుకుతుంది. నాన్న ఫ్రేము దొరకదు.

పని మొదలుపెట్టాం. యాక్సిలు మీద సామాను ఈ వరసలో ఉంటుంది: లోపల కోను, దాని మీద వాషరు, ఆపైన చెక్‌నట్. చైను పక్క, అంటే కుడివైపు, మేం ముట్టుకోలేదు. అక్కడ వెడల్పు తగ్గిస్తే ఫ్రీవీలు, చైను వెళ్ళి ఫ్రేము కమ్మీకి రాసుకుంటాయి. ఎడమవైపు అలాంటి ఇబ్బంది లేదు. విప్పి చూస్తే అక్కడ రెండు వాషర్లున్నాయి, చెక్‌నట్ 5 మిల్లీమీటర్ల మందం. ఒక వాషరు తీశాం, 2 తగ్గింది. బాబాయ్ దగ్గర పాత చెక్‌నట్లూ, వాషర్లూ ఇనప తీగకు గుచ్చిన దండ ఒకటుంది, కనీసం కిలో తూగుతుంది. అందులోంచి 3 మిల్లీమీటర్ల పల్చటి చెక్‌నట్ ఏరాం. ఇంకో 2 తగ్గింది. 116 కాస్తా 112 అయింది. మిగిలిన ఒక్కటి ఫ్రేము బొటనవేళ్ళతో తెరిస్తేనే ఇస్తుంది. ఉక్కు ఫ్రేముకు ఒకటి రెండు మిల్లీమీటర్లు లెక్క కాదు, చక్రం తీయగానే వెనక్కి వచ్చేస్తుంది.

చెక్‌నట్ ఏరేటప్పుడు మర మీద ఓ కన్నేయండి. ఇంగ్లీషు కొలతల పాత యాక్సిలు మందం అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్లు. మర అంగుళానికి 26 చుట్లు. ఇప్పటి యాక్సిళ్ళు చాలావాటికి 10 మిల్లీమీటర్ల మందం, చుట్టుకు ఒక మిల్లీమీటరు. చూపుకు రెండూ అక్కాచెల్లెళ్ళే. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు ఎక్కి ఆగిపోవచ్చు, లేదా వదులుగా జారవచ్చు. అప్పుడు పానాతో బిగిస్తే రెండూ పాడవుతాయి. కొత్త నట్టు ఏదైనా వేళ్ళతోనే చివరిదాకా ఎక్కాలి. వేళ్ళతో ఎక్కనిది మీది కాదు. కొట్టుకు వెళ్ళేటప్పుడు పాత నట్టు జేబులో వేసుకెళ్ళండి, నోటితో చెబితే పని జరగదు.

మా కొత్త యాక్సిలు 10 మిల్లీమీటర్లదే. ఫోర్కు చివర గాడి 9.5 యాక్సిలుకు కోసింది. బాబాయ్ ఆకురాయి తీసుకుని ఫ్రేము మీదికి వంగాడు. నలభై ఏళ్ళ అనుభవం ఆయనది, నాది నలభై రోజులు కూడా కాదు, అయినా చెయ్యి పట్టుకున్నాను. "ఫ్రేము వద్దు బాబాయ్, యాక్సిలే అరగదీద్దాం." ఆయన నా వైపు చూసి, "యాక్సిలు బలం తగ్గదూ?" అన్నాడు. మంచి ప్రశ్నే. గాడిలో కూర్చునే చోట మాత్రం, పైనా కిందా పావు మిల్లీమీటరు చొప్పున చదును చేస్తే నట్టు పట్టడానికి కావలసినంత మర మిగులుతుంది. ఒకవేళ ఎప్పుడైనా యాక్సిలు పోతే ఇంకోటి వేస్తాం. గాడి ఒకసారి పెద్దదైతే జన్మంతా పెద్దదే. ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేను. "మీ బండి, మీ ఇష్టం" అన్నాడు. ఆకురాయి మాత్రం నాకిచ్చాడు.

ఇక్కడ సైకిలు కాసేపు స్టాండు వేసి అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయాక అమ్మ మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో ఆమెకు తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, దీపం పెట్టడం, కాఫీ కాచుకోవడం అలవాటు. మా ఫ్లాటులో వంటగది గోడకు అవతల మా అబ్బాయి పడకగది. వాడిది రాత్రి రెండింటిదాకా పనిచేసే కంప్యూటరు ఉద్యోగం. వారం తిరక్కుండానే అందరం అమ్మకు ఆ మాట చెప్పేశాం: సర్దుకోవాలమ్మా, ఇది ఊరు కాదు. అమ్మ సర్దుకుంది. నాలుగింటికి లేచి, ఏడింటిదాకా చీకట్లో మంచం మీద కూర్చునేది. ఫిర్యాదు లేదు, ముఖంలో వెలుగూ లేదు. హబ్బు కొలిచిన రాత్రి నేను ఈ తేడా కూడా కొలిచాను. అమ్మకూ మా ఇంటికీ తేడా మూడు గంటలు కాదు. ఒక గిన్నె చప్పుడు. అంతే. బాల్కనీలో ఒక చెక్క బల్ల, దాని మీద చిన్న కరెంటు పొయ్యి, ఒక గిన్నె, ఒక ఫిల్టరు పెట్టాం. ఇప్పుడు నాలుగున్నరకు ఆవిడ కాఫీ ఆవిడదే. ఇంద్రకీలాద్రి మీది దీపాలు చూస్తూ తాగుతుంది. మేం మూడు గంటలపాటు ఆమెను వంచాం, కావలసింది ఒక వాషరు.

సరే, చక్రం. ఎడమవైపు 4 మిల్లీమీటర్లు తగ్గించాం కదా, దానికి రెండు పర్యవసానాలుంటాయి. మొదటిది, యాక్సిలు ఎడమవైపు 4 ఎక్కువ బయటికి పొడుచుకొస్తుంది. రెండు పక్కలా కోనులు వదులుచేసి యాక్సిలును 2 మిల్లీమీటర్లు కుడికి జరపాలి. స్టాండు, కారియరు కమ్మీ, మడ్‌గార్డు కమ్మీ, వాషరు అన్నీ తొడిగాక కూడా నట్టు నిండా మర పట్టాలి. నట్టు అంచు దాటి ఒక చుట్టు కనబడితే ఇంకా మంచిది.

రెండోది అసలైనది. చెక్‌నట్ల మధ్య బిందువు 2 మిల్లీమీటర్లు కుడికి జరిగింది, రిమ్ము మాత్రం పాతచోటే ఉంది. అంటే చక్రం ఎక్కించాక రిమ్ము ఫ్రేము నడిమధ్య నుంచి 2 మిల్లీమీటర్లు ఎడమకు ఉంటుంది. కమ్మీలకూ రిమ్ముకూ మధ్య సందు చూస్తే ఒకవైపుకూ మరోవైపుకూ 4 తేడా కనిపిస్తుంది. కేబుల్ బ్రేకుల బండికైతే ఇది కాస్త చికాకు. మా రాడ్డు బ్రేకుల బండిలో బ్రేకు కట్టలు రిమ్ము లోపలి ముఖాన్ని స్పోకుల పక్కనే నొక్కుతాయి. రెండు మిల్లీమీటర్లు పక్కకుంటే కట్ట వెళ్ళి స్పోకులకు తగులుతుంది. కనుక బెండు తీసినట్టే రిమ్మును కుడికి లాగాలి. కుడివైపు 20 స్పోకులూ తలా అర చుట్టు బిగించి, ఎడమవైపు 20 తలా అర చుట్టు వదలాలి. వాల్వు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ వాల్వు దగ్గరికి రావాలి, లేకపోతే ఎక్కడిదాకా వచ్చామో మర్చిపోతాం. ఒక చుట్టు తిరిగాక కొలవడం, మళ్ళీ అర చుట్టు. ఒక్క స్పోకును మూడు చుట్లు బిగిస్తే రిమ్ము అక్కడే ఎనిమిదంకె వేస్తుంది. మాకు దీనికి ఒక సాయంత్రం పట్టింది, టీలు నాలుగు.

కోను బిగింపు చాలామంది కంగారుగా కానిచ్చే పని. బాల్స్ వెనక హబ్బుకు పావు అంగుళంవి, పక్కకు తొమ్మిది. పదోది కూడా పట్టేలా కనిపిస్తుంది, పెట్టకండి. కొత్త గ్రీజులో వాటిని కూర్చోబెట్టి, కోను వేళ్ళతో బాల్స్‌కు తగిలేదాకా తిప్పి, రవ్వంత వెనక్కి తీసి, ఒక పానాతో కోను పట్టుకుని రెండో పానాతో చెక్‌నట్ బిగించాలి. ఒక్క పానాతో చేస్తే చెక్‌నట్‌తోపాటు కోనూ తిరిగిపోతుంది. అప్పుడు ఎక్కడో బిగుసుకుంటుంది, తప్పు బాల్స్ మీదకు నెడతాం. చక్రం ఫ్రేములో పెట్టి నట్లు బిగించాక రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదలిక ఉండకూడదు. తర్వాత చైను తీసేసి చక్రం వదిలేయండి. ట్యూబు వాల్వు ఎక్కడున్నా సరే, దాని బరువుకే నెమ్మదిగా కిందికి దిగి, అటూ ఇటూ ఊగి ఆగాలి. ఊగకుండా ఆగిపోతే కోను బిగుతు.

వాషర్లతో తీరని తేడా ఉంటే ఫ్రేమునే తెరవాల్సి వస్తుంది. పాత 120 ఫ్రేములో 126 చక్రం పెట్టాలనుకునేవాళ్ళకు ఇది తప్పదు, ఉక్కు ఫ్రేము అయితే ప్రమాదమూ లేదు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను ఎవరు చెప్పినా తెరవొద్దు, అవి వంగవు, పగులుతాయి. నాన్న సైకిలులాంటి 111 ఫ్రేమును 135కు తెరిచి గేర్లు పెడతామనే కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చారు. 24 మిల్లీమీటర్లు అంటే సర్దుబాటు కాదు, దాడి. వెనక కమ్మీల మధ్య అతికించిన అడ్డకమ్మీ దగ్గర అతుకు ఊడిపోతుంది. గేర్లు కావాలంటే గేర్ల సైకిలు కొనుక్కోమని చెప్పి పంపాను.

తెరిచేవాళ్ళు ఒక పక్క తర్వాత ఒక పక్క తెరవాలి. రెండు చివర్లూ ఒకేసారి బయటికి లాగితే బలహీనంగా ఉన్న పక్కే మొత్తం వంగుతుంది. ఉక్కు స్ప్రింగులాంటిది, మూడు మిల్లీమీటర్లు నిలబడాలంటే అంతకు చాలా ఎక్కువ లాగి వదలాలి. ఒకేసారి కాదు, కొంచెం లాగి, వదిలి, కొలిచి, మళ్ళీ. వంకర వచ్చిందా లేదా చూడ్డానికి నులకతాడు చాలు. ఒక ఫోర్కు చివర కట్టి, ముందు హ్యాండిలు గొట్టాన్ని చుట్టి తెచ్చి, రెండో చివర కట్టండి. సీటు కింది నిలువు గొట్టానికీ తాడుకీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. తర్వాత ఫోర్కు చివర్లు సమాంతరంగా ఉన్నాయో చూడాలి. రెండు గాళ్ళలోనూ రెండు పొడుగు బోల్టులు నట్లతో బిగించి, మొనలు మధ్యలో ఎదురెదురుగా వచ్చేలా పెట్టండి. మొనలు సూటిగా ఒకదానికొకటి చూస్తుంటే సరే. ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తుంటే చివర్లు వాలాయన్నమాట. వాటిని సరిచేయకుండా చక్రం బిగిస్తే, నా కాలేజీ సైకిలు యాక్సిలుకు పట్టిన గతే.

ఇప్పుడు నాన్న సైకిలు మీద రోజూ పొద్దున్నే పున్నమి ఘాట్ దాకా వెళ్ళొస్తున్నాను. తీసేసిన వాషరూ, లావు చెక్‌నట్టూ సీటు వెనక తోలు సంచిలో ఉన్నాయి, ఎవరికైనా మళ్ళీ 116 కావాలనిపిస్తే వెతుక్కోనక్కర్లేదు. మీరు చక్రం మార్చాక యాభై కిలోమీటర్లు తిరిగి, వెనక నట్లూ, ఎడమ కోనూ మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూసుకోండి. కొత్త చెక్‌నట్లు ఆ మాత్రం దూరానికి కాస్త వదులవుతాయి.